పాత స్పోర్ట్స్ కారు బేరమా? ముందు గడప చూడండి!

వంకాయలు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? నిగనిగలాడే రంగు చూసి సంచీలో వేసేసుకోం కదా! ఒక్కో కాయనీ తిప్పి, ఎక్కడైనా పుచ్చు ఉందేమోనని చూస్తాం. కుండ కొంటే వేలి మెటికతో కొట్టి చప్పుడు వింటాం. పట్టుచీరైతే మడత విప్పి, అంచు తిరగేసి చూడందే డబ్బు తీయం.

మరి తొమ్మిది వేల పౌండ్లు పోసి కారు కొన్న మా మరిది ఏం పరీక్ష చేశాడో తెలుసా? చుట్టూ ఒకసారి తిరిగి, 'అబ్బ, ఎంత ఎర్రగా ఉందో!' అనుకున్నాడట. అంతే!

మా చెల్లెలూ మరిదీ ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉంటారు. పాత స్పోర్ట్స్ కార్లంటే అతనికి చిన్నప్పటినుంచీ ప్రాణం. 2021 అక్టోబరులో, వాన పడుతున్న ఒక సాయంత్రం వెళ్ళి ఆ ఎర్ర కారు కొని తెచ్చాడు. 'కార్ల గొడవ మనకెందుకమ్మా, పేజీ తిప్పేద్దాం' అనుకుంటున్నారా? కాస్త ఆగండి. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? అమ్మనీ నాన్ననీ ఆరు నెలలు తమ దగ్గర ఉంచుకోవాలని మా చెల్లెలు నెలనెలా కూడబెట్టిన సొమ్ము. కారు ఇంటికొచ్చింది, అమ్మానాన్నల ప్రయాణం వాయిదా పడింది.

ఇలాంటి సరదా మీ వారికీ ఉండొచ్చు, పై దేశంలో ఉన్న మీ అల్లుడికో, కొడుక్కో ఉండొచ్చు. మనం మూతి ముడుచుకున్నంత మాత్రాన తీరిపోయే సరదా కాదది. అందుకని కారు చూడటానికి వెళ్ళేటప్పుడు మీరూ బయల్దేరండి. కారు మీద మనసు పారేసుకున్న మనిషికి తుప్పు కనపడదు. మీకు కనపడుతుంది.

ఏమిటా కారు?

దాని పేరు ఎం.జి.బి. ఇప్పుడు మన రోడ్ల మీద తిరుగుతున్న ఎం.జి. కార్లకీ దీనికీ పేరొక్కటే కలుస్తుంది. ఇది ఇంగ్లండులో అబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా తయారయింది. అయిదు లక్షలకు పైగా చేశారు. ముందు రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. 1965 నుంచి ఇనప కప్పు, వెనక పైకెత్తే తలుపు ఉన్న 'జి.టి.' కూడా వచ్చింది.

దీని ఇంజను మనకి మరీ పరాయిదేం కాదు సుమా! మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, దీని 1798 సీసీ ఇంజనూ ఒకే వంశానివి. రెంటినీ 'బి సిరీస్' అంటారు. వరసకి అన్నదమ్ములన్న మాట!

కారు ఆగిపోయి నలభయ్యేళ్ళు దాటినా సామాన్లు మాత్రం ఇంకా దొరుకుతాయి. నట్టు, బోల్టు మొదలుకొని, 1988 నుంచి ఏకంగా కొత్త బాడీ కూడా దొరుకుతోంది. అసలు బోల్తా పడేది ఇక్కడే. 'అన్నీ దొరుకుతాయిగా, ఏది పాడైతే అది మార్చేసుకుందాం' అనుకుంటారు. ఇంజనూ, బ్రేకులూ, గేరుబాక్సూ మార్చుకోవచ్చు, నిజమే. గడప మార్చడం మాత్రం అంత తేలిక కాదు.

కారుకి గడపేమిటి?

తలుపు తీసి కారెక్కేటప్పుడు కాలు దాటించి లోపల పెడతామే, తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉన్న ఆ ఇనప దూలం. ఇంగ్లీషులో 'సిల్' అంటారు. మన గడపే!

లారీకి ఉన్నట్టు దీనికి కింద వేరే ఛాసిస్ ఉండదు. బాడీయే ఎముకల గూడు. అందులోనూ టాపు లేని కారులో పైన పట్టి ఉంచేదేమీ లేదు కాబట్టి బరువంతా ఈ రెండు గడపల మీదే. బయటికి కనపడే రేకు ఒకటి, లోపల ఇంకొకటి, మధ్యలో నిలువుగా మరొకటి, కింద ఇంకో పట్టీ, అన్నీ కలిపి అతికిన పెట్టె అది. పెట్టెలోకి నీళ్ళు పోతాయి. చలికాలంలో మంచు కరగాలని ఆ దేశంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కూడా పోతుంది. ఉప్పు డబ్బాకి ఇనప మూత పెడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? తుప్పు లోపలినుంచి బయటికి తింటూ వస్తుంది. పైన రంగు కింద చిన్న పొక్కు కనపడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది, చెద పట్టిన ద్వారబంధం లాగా.

మరిది కొన్న ఎర్ర కారుకి జనవరికల్లా డ్రైవరు వైపు తలుపు సరిగ్గా పడటం మానేసింది. పైకెత్తి పట్టుకుని తోస్తేగానీ పడదు. వాన పడితే కాళ్ళ దగ్గర నీళ్ళు. గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడి ముసలాయన కింద తివాచీ ఎత్తి, స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు. ఇడ్లీలో పుల్ల గుచ్చినట్టు లోపలికి దిగిపోయిందట!

బాగుచేయడానికి ఆయన చెప్పిన ఖర్చు 5,200 పౌండ్లు. అంతెందుకూ అంటే, గడప రెండు చివర్లూ ముందు వెనక మడ్‌గార్డుల లోపలికి వెళ్ళిపోయి ఉంటాయి. సరిగ్గా మార్చాలంటే మడ్‌గార్డుల కింది భాగం కోయాలి. కోసినప్పుడు బాడీ వంగిపోకుండా ఇనప కడ్డీలతో బిగించాలి. ఒక్కొక్క పొరా తీసి, వెల్డింగ్ చేసి, మడ్‌గార్డులు మళ్ళీ అతికి, రంగు వేయాలి. సామాను ధర తక్కువే, కూలి వేలల్లో! అందుకే కొంతమంది అడ్డదారి తొక్కుతారు. పుచ్చిన రేకు మీదే కొత్త రేకు అతికించి, సందుల్లో పుట్టీ కుక్కి, పైన రంగు కొట్టేస్తారు. చిరిగిన పరుపుకి కొత్త గలీబు తొడిగినట్టు. ఎర్ర కారుకి జరిగిన వైద్యం అదే.

చివరికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, విప్పి బాగుచేసుకుంటానన్న ఒకాయనకి మూడు వేలకి ఇచ్చేశారు. ఆరు వేల పౌండ్లు మంచులో పోసిన ఉప్పే! 'అక్కా, నేను ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ శిక్షయింది' అంది మా చెల్లి ఫోనులో.

రెండోసారి చెల్లెలి షరతులు

నష్టం పూడి, మళ్ళీ నాలుగు డబ్బులు చేరేసరికి రెండేళ్ళు దాటింది. ఈసారి ముందు అమ్మానాన్నల టిక్కెట్లు కొన్నారు. మిగిలిన దాంట్లో కారు. 2024 వేసవిలో వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను కాబట్టి తరవాత జరిగిందంతా కళ్ళారా చూసిందే.

మా చెల్లెలు పెట్టిన షరతులు వినండి. పొడిగా ఉన్న రోజు, పొద్దుటి వెలుతురులోనే చూడాలి. తడిసిన కారు ప్రతిదీ అందగత్తే! గీతలూ, సొట్టలూ, రంగు తేడాలూ వాననీళ్ళు దాచేస్తాయి. రెండోది, అమ్మేవాళ్ళ ఎదుట మరిది నోటంట 'బాగుంది' అన్న మాట రాకూడదు. మూడోది, మొదట చూసేది తను. తను సరే అన్నాకే అతను బానెట్ ఎత్తాలి. 'వదినా, మీరైనా చెప్పండి' అని నావైపు చూశాడు పాపం. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

హ్యాండ్‌బ్యాగులో ఏం పెట్టుకుందో తెలుసా? ఒక టార్చి, ఒక స్టీలు చెంచా, ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి, రుమాలు.

మొదట చూసింది 1971 నాటి తెల్ల కారు. పాలరాయిలా మెరిసిపోతోంది. చెల్లెలు తలుపు సందులో వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపింది. సందు అంతటా ఒకే వెడల్పు ఉండాలి. కింద వేలు పడుతోంది, పైకి వచ్చేసరికి ఇరుక్కుంటోంది. అంటే కారు నడుము దగ్గర కిందికి జారుతోందన్న మాట! గడపలు మోయలేకపోతున్నాయి.

తరవాత అయస్కాంతాన్ని రుమాల్లో చుట్టి, రంగు గీసుకోకుండా మెల్లిగా రాసింది. బానెట్ మీద టక్కున అతుక్కుంది. వెనక చక్రం పైన కమాను దగ్గర పెడితే జారి కింద పడింది. ముందు మడ్‌గార్డు కింది మూలలోనూ అంతే. రేకు ఉండాల్సిన చోట పుట్టీ ఉంది. యాభై ఏళ్ళ కారుకి ఎక్కడో ఒక పొర పుట్టీ ఉండటం నేరం కాదు. అయస్కాంతం బొత్తిగా పట్టనంత మందంగా, అదీ గడపల చుట్టూ ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

ఇంక మోకాళ్ళ మీద కూర్చుని టార్చితో అడుగున చూసింది. అంతా కొత్తగా పూసిన నల్ల తారు! గడప కింది పట్టీకి, లోపలి నీళ్ళు కారిపోవడానికి కోట గోడ మీది పళ్ళలా గాట్లుంటాయి, అందుకే దాన్ని 'కాజిల్ రెయిల్' అంటారు. ఆ గాట్లు తారుతో మూసుకుపోయి ఉన్నాయి. డాబా మీద నీళ్ళు పోయే గొట్టం మూసేస్తే ఏమవుతుంది? అదే! తివాచీ ఎత్తుదామంటే జిగురుతో అతికించేశారు. 'తివాచీ సంగతెందుకండీ, ఇంజను వినండి' అన్నాడు అమ్మే ఆయన. 'గడపలు మార్చామన్నారుగా, కోసినప్పటి ఫోటోలున్నాయా?' అని అడిగింది మా చెల్లెలు. లేవట. నిజంగా అంత పని చేయించినవాడు ఫోటోలు తీయకుండా ఉంటాడా చెప్పండి! దణ్ణం పెట్టి వచ్చేశాం.

యజమాని ఒప్పుకుంటే ఇంకో పరీక్ష ఉంది. గడప కింద జాకీ పెట్టే చోట జాకీతో కొద్దిగా ఎత్తి, తలుపు సందు చూడాలి. ఎత్తుతుంటే సందు మారిపోతే ఆ కారు మనది కాదు. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం ఎవర్నీ తల దూర్చనివ్వకండి.

సీట్ల వెనక బ్యాటరీ అరలు, వెనక స్ప్రింగు పట్టీలు బాడీకి తగిలే చోటు, డిక్కీ అడుగు, ఇవీ తుప్పు పట్టేవే, చూడాలి. తలుపు మీద ముక్కోణం అద్దం కింద సన్నటి చీలిక కనపడితే కంగారు పడకండి, ఈ కార్లకి అది పుట్టుమచ్చ లాంటిది.

ముందే వేడెక్కిన బానెట్!

రెండోది 1977 కారు. ముందూ వెనకా నల్లటి రబ్బరు బంపర్లు. అమెరికా వాళ్ళ రక్షణ నిబంధనల కోసం 1974 చివరినుంచి అలా మార్చి, కారు ఎత్తు కూడా కొంచెం పెంచారు. మెరిసే స్టీలు బంపర్ల కార్లకే మోజు ఎక్కువ కాబట్టి ఇవి కాస్త చవక. దీని తలుపు సందులు చక్కగా ఉన్నాయి. అయస్కాంతం అంతటా అతుక్కుంది. గడపల ఫోటోలు కూడా చూపించారు. మరిది మొహం వెలిగిపోయింది.

నేను ఊరికే బానెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది! మనం వచ్చేసరికే ఇంజను వేడెక్కించి ఉంచారన్న మాట. చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది. 'రేప్పొద్దున తొమ్మిదింటికి వస్తాం, అప్పటిదాకా స్టార్టు చేయకండి' అని చెప్పి వచ్చాం.

పొద్దున స్టార్టు చేయగానే టకటకమని చప్పుడు, వెనక నీలం పొగ. నీలం పొగంటే ఇంజను నూనె కాలుతోందని అర్థం. రోడ్డు మీద నడిపినప్పుడు ఆయిలు ప్రెషరు మీటరు చూడాలి. వేడెక్కాక, నడుస్తుండగా యాభైకి అటూ ఇటూ ఉండాలి, ఆగి ఉన్నప్పుడు పదిహేను, ఇరవై దగ్గర నిలబడాలి. దీని ముల్లు నడుస్తుంటే ముప్ఫై, ఆగితే సున్నా దగ్గరికి! ఇంజను విప్పి చేయించాల్సిందే.

అయినా మా చెల్లెలు వద్దనలేదు చూడండి! ఇంజను రోగానికి వైద్యం ఉంది, ఖర్చెంతో ముందే చెబుతారు. ఆ ఖర్చు ధరలో తగ్గించమంది. ఆయన ససేమిరా అన్నాడు. అక్కడితో ఆ బేరమూ పోయింది. మర్నాడంతా మరిది మాట్లాడలేదు.

వెలిసిన పచ్చ రంగు, లావుపాటి ఫైలు

మూడోది 1973 జి.టి. ముదురు పచ్చ రంగు, అదీ ఎండకి వెలిసి, పాత రాగి చెంబులా ఉంది. చూడగానే 'దీన్నా?' అనిపించింది. యజమాని పెద్దాయన. టీ ఇచ్చి, మెత్తగా ఉబ్బిన ఒక ఫైలు మా ముందు పెట్టాడు. ఇరవయ్యేళ్ళ బిల్లులు! కోసిన గడపలూ, కొత్త రేకులూ, వెల్డింగూ, వరసగా ఫోటోలు. గేడన్ అనే ఊళ్ళోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే సర్టిఫికెట్టు కూడా ఉంది. ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చిన నాటి రంగూ, ఇంజను నంబరూ అందులో ఉంటాయి. దాన్నీ, రిజిస్ట్రేషను కాగితాన్నీ, కారు మీది ఛాసిస్ నంబరునీ అక్షరం అక్షరం సరిచూసింది మా చెల్లెలు, రేషను కార్డులో పేర్లు చూసినట్టు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ దేశంలో కార్లకి ఏటా ఎం.ఓ.టి. అనే పరీక్ష ఉంటుంది. నలభయ్యేళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకి 2018 మే నుంచి అది అక్కర్లేదు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఏళ్ళ తరబడి ఎవరూ ఆ కారు అడుగున తొంగి చూడలేదని కూడా దాని అర్థం! అయితే కావాలని అడిగి చేయించుకోవచ్చు, ఫీజు యాభై అయిదు పౌండ్ల లోపే. 'డబ్బు మేమే కడతాం, పరీక్షకి పంపుదాం' అంది చెల్లెలు. పెద్దాయన సరేనన్నాడు. ఆ ఒక్క మాటతో సగం నమ్మకం కుదిరింది మాకు. పరీక్షలో గడపలు గట్టివని తేలింది.

లోపాలు లేకపోలేదు. సైకిలుకి ఉన్నట్టు పుల్లల చక్రాలు దీనివి. చెంచాతో ఒక్కో పుల్లనీ మీటాను, నాకప్పగించిన పని అదే! గట్టిగా ఉన్నవి వీణ తీగలా పలికాయి, రెండు మాత్రం బద్దుమన్నాయి. హ్యాండ్‌బ్రేకు వేసి కారుని ముందుకీ వెనక్కీ తోస్తే 'టక్' మంది, చక్రం ఇరుసు మీద కూర్చునే పళ్ళు అరిగాయన్న మాట. టైర్ల మీద గాళ్ళు బాగానే ఉన్నాయి కానీ పక్కన నాలుగంకెలు చూస్తే 2309, అంటే 2009లో ఇరవై మూడో వారం! పదిహేనేళ్ళ రబ్బరు. ముందు చక్రాలు తిరిగే 'కింగ్ పిన్'లో కొంచెం ఊగు. హారను పలకనే లేదు.

అన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని ధరా ఎదురుగా వేసి, పెద్దాయన ముందు పెట్టింది. ఎనిమిది వేలు అడిగిన కారు 7,100కి తెగింది. పైసా పైసాకీ గీసి గీసి బేరమాడటం కాదిది, లెక్క చూపించడం. పెద్దాయన కూడా నొచ్చుకోలేదు.

పెట్రోలు సంగతీ అడిగి తెలుసుకున్నాం. సీసం కలిసిన పెట్రోలు అక్కడ 2000 జనవరి నుంచి మామూలు బంకుల్లో లేదు కాబట్టి పాత ఇంజనులో వాల్వుల కింద గట్టి సీట్లు వేయించి ఉండాలి, ఆ బిల్లు ఫైల్లో ఉంది. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్లో ఇథనాల్ పది శాతం దాకా ఉంటోంది. పాత రబ్బరు గొట్టాలకి అది పడదు, అయిదు శాతం మించని ఖరీదైన రకం పోయాలి. నెల ఖర్చులో ఇదొకటి కలుపుకోండి. ఎయిర్‌బ్యాగులు లేని కారు కదా, పిల్లల్ని అందులో మోటార్‌వే మీదికి తీసుకెళ్ళనని మరిది చేత మాట తీసుకుంది మా చెల్లెలు.

తెచ్చిన మొదటి ఆదివారం నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరు చుట్టి వచ్చారు. దిగి నాన్న అన్నదొకటే, 'చప్పుడు మన అంబాసిడర్ లాగే ఉందే!' అని. అమ్మ మాత్రం, 'అంత కిందకి కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి' అని ఎక్కనే లేదు.

మొన్న ఫోను చేస్తే చెప్పింది చెల్లెలు. మూడు వేల మైళ్ళకోసారి కింగ్ పిన్నుకి గ్రీజు పెట్టాల్సిన సంగతి వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టిందట. చలికాలం రోడ్ల మీద ఉప్పు పడగానే కారు షెడ్డులోకి పోతుంది. మార్చిలో పెద్ద వాన ఒకటి కురిసి ఆ ఉప్పంతా కడుక్కుపోయేదాకా తాళంచెవి తన పోపులపెట్టె పక్కనే ఉంటుందట.